మతాబుకి ఎన్ని ముక్కలు

ఏటిగట్టు మీద ఇది మూడో రోజు.
కింద గడ్డివాము కొప్పు ఒక్కటే కనపడుతోంది,
మిగతాదంతా గోదారి తినేసింది.
ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు, కిరాయిల్లేవు.
మతాబు జీను మీది జరీపువ్వులు
టార్పాలిన్ కింద చెమ్మకి నల్లబడుతున్నాయి.

అసలు పేరు మెహతాబ్. అబ్బా పెట్టాడు.
టపాకాయలకి బెదరదని
లంకల్లో అందరూ మతాబు చేసేశారు.

మధ్యాహ్నం నాటుపడవ మీద
కడలి పల్లాలమ్మ గంపెడు దుంపలు తెచ్చింది.
మునిగే చేలోవి కొన్ని, అటకమీదవి కొన్ని,
వేళ్ళకింకా ఒండ్రు వదల్లేదు.
"మా మనవరాలి మొగుణ్ణి మోసింది గదా జిలానీ,
అది పస్తుంటే చూళ్ళేకపోయేను.
పెట్టు. అన్నీ పెట్టు."

అన్నీ పెట్టకూడదమ్మా.
ఆ మాట వెంటనే అనలేకపోయాను.
పట్టా మీద గంప బోర్లించి
బియ్యంలో మెరికలేరినట్టు
ఏరుతూ కూచున్నాను.

ఇది కర్రపెండలం, మెట్టనించొచ్చింది.
మనం ఉడకేసి, నీళ్ళు పారబోసి తింటాం.
పచ్చిది దాని కడుపులో పడితే
ఊపిరి తిరగదు.
ఇది కంద.
కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ
గుర్రం నాలిక్కి ఉంటుందమ్మా,
చెప్పుకోలేదంతే.
చేమా అంతే, అటు పెట్టు.
ఉల్లిపాయలొద్దు, నెత్తురు విరిగిపోతుంది.
ఈ బంగాళాదుంపలు ఎండ తగిలి పచ్చబడ్డాయి,
అవి మనక్కూడా వద్దు.

గంపలో చివరికి మిగిలినవి
చిలగడదుంపలు రెండు, ముల్లంగొకటి,
రావులపాలెం సంతలో కూరకని కొన్న కేరట్లు నాలుగు.

పల్లాలమ్మ మొహం చిన్నబోయింది.
"అంత మోసుకొస్తే ఇంతేనా?"

అప్పుడు షబ్నం సంగతి చెప్పాను.
పాలకొల్లు స్టేషన్ దగ్గర అబ్బా జట్కాకి కట్టిన ఆడగుర్రం.
ఎవరో ముద్దుకొద్దీ
చిలగడదుంప బిళ్ళలుగా కోసి పెట్టారు.
ఒక బిళ్ళ గొంతులో కూచుంది.
ముక్కుల్లోంచి నురగ, మేత రంగు నురగ.
పశువుల డాక్టరు తెల్లారి బస్సుకి గానీ రాలేదు.
మనిషైతే కక్కుకుంటాడు,
గుర్రానికి వాంతి లేదు.
దాని కడుపు తిరుగుదారి లేని వంతెన.
తెల్లవార్లూ అబ్బా దాని మెడ నిమురుతూనే ఉన్నాడు.
నాకు తొమ్మిదేళ్ళు, లాంతరు పట్టుకున్నాను.
తర్వాత ఎప్పుడు కత్తి పట్టినా అనేవాడు:
గుండ్రంగా కోస్తే గొంతుకి బిరడా,
నిలువుగా కోస్తే నిమ్మళం.

పల్లాలమ్మ ఇంకేం అనలేదు.
కేరట్లు తీసుకుని బోరింగు దగ్గరకెళ్ళి
కొబ్బరిపీచుతో ఒండ్రంతా తోమింది.
మెత్తబడ్డ కొసని గోటితో గిల్లి పారేసింది,
నేను చెప్పకుండానే.

ముందు ఎండుగడ్డి వేశాను,
తడవకుండా మిగిలిన మోపులోంచి.
కడుపు నింపేది గడ్డే,
దుంప పండగపూట బెల్లంముక్క లాంటిది.
ఆ తర్వాత వేలంత పొడుగు కేరట్ ముక్కలు
రెండంటే రెండు.
అరచేతిలో ఊదినట్టు తగిలింది దాని మూతి.
కరకరమన్న చప్పుడుకి
గట్టుమీది పిల్లలంతా చుట్టూ మూగారు.
మూడోదానికి నా జేబు పొడుస్తోంది.
రేపే తల్లీ, రేపు.
లద్దె చూశాక.

పోయినేడు బీట్‌రూట్ తిని
అంబాజీపేట ఊరేగింపులో ఎర్రగా పోసింది.
నెత్తురనుకుని పెళ్ళివారు బాజాలాపేశారు.
ఆ కథ చెబితే పల్లాలమ్మ
మూడ్రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

రాత్రి పదకొండు కుటుంబాలకి కంద పులుసు.
దానికి వద్దన్నదంతా మాకు సరిపోయింది,
కర్రపెండలం రెండుసార్లు వార్చాం.

అందరూ పడుకున్నాక
మతాబు డొక్కకి చెవి ఆనించాను.
గుడగుడా నడుస్తోంది లోపల.
కాలితో నేల తవ్వడం లేదు,
పక్కకి తిరిగి పొట్ట చూసుకోవడం లేదు.
చీకట్లో పట్టా కిందనించి పల్లాలమ్మ గొంతు:
"ఎలా ఉందిరా?"
ఉంది, పడుకో.

నీళ్ళు ఇంకో మెట్టెక్కినట్టున్నాయి.
మిగిలిన ముక్కలు గుడ్డలో చుట్టి
జీను కింద దాచాను.